పంటికి త్రీడీ స్కాన్ రాశారా? ఏ స్కాన్, ఎందుకు, ఎంత మేరకు అన్నది ముందే తేల్చుకోండి

పళ్ళ డాక్టరు "త్రీడీ స్కాన్ తీయించుకుని రండి" అనగానే మనకి రెండు రకాల ఆలోచనలు వస్తాయి. ఇదేదో పెద్ద సమస్యే అయ్యుంటుందన్న టెన్షన్ ఒకటి, మామూలు ఎక్స్‌రేతో అయ్యేదానికి ఇదంతా అవసరమా అన్న అనుమానం ఇంకొకటి. రెండిటికీ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది, డాక్టరుని మొహమాటం లేకుండా అడగండి: "ఈ స్కాన్‌లో ఏం కనిపిస్తే నాకు చేసే వైద్యం మారుతుంది?" మంచి డాక్టరైతే దీనికి ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేస్తారు, "ఇంప్లాంట్‌కి (పోయిన పన్ను బదులు దవడ ఎముకలో బిగించే స్క్రూకి) ఎముక వెడల్పు సరిపోతుందో లేదో చూడాలి, సరిపోకపోతే ముందు ఎముక వేయాలి" అన్నట్టు. "అన్నీ క్లియర్‌గా కనిపిస్తాయి కదండీ" అన్న జవాబు వస్తే మాత్రం ఇంకోసారి అడగండి.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక గందరగోళం తీర్చేసుకోవాలి. త్రీడీ స్కాన్ అన్న మాటని రెండు వేరు వేరు పరీక్షలకి వాడేస్తున్నారు. ఒకటి, నోట్లో చిన్న కెమెరా తిప్పుతూ పళ్ళ పైభాగాన్ని, చిగుళ్ళని కంప్యూటర్‌లోకి ఎక్కించేది, దీన్ని ఇంట్రా ఓరల్ స్కాన్ అంటారు. ఇది కేవలం వెలుతురుతో పనిచేస్తుంది, రేడియేషన్ అసలు ఉండదు, క్యాపులకీ అలైనర్లకీ (వంకర పళ్ళని సరిచేసే పారదర్శక తొడుగులకీ) నోట్లో ముద్ద పెట్టి తీసే పాత అచ్చుకి బదులుగా వచ్చింది. చిగురు కింద ఏముందో దీనికి తెలియదు. రెండోది సీబీసీటీ, అంటే కోన్ బీమ్ సీటీ. ఇది ఎక్స్‌రేతో తీసేది, ఎముకనీ వేర్లనీ నరం వెళ్ళే దారినీ చూపిస్తుంది. ఈ వ్యాసం అంతా ఈ రెండో దాని గురించే. మీకు రాసిచ్చింది ఏదో తెలియకపోతే "ఇందులో ఎక్స్‌రే ఉందా" అని అడగండి చాలు, తేలిపోతుంది.

ఇక ఎంపికలు. పంటి సమస్యకి తీసే చిత్రాలు ప్రధానంగా నాలుగు, ఎప్పుడూ చిన్నదానితో మొదలుపెట్టి అవసరమైతేనే పెద్దదానికి వెళ్ళాలి. ఇదేదో నా సొంత సిద్ధాంతం కాదు, రేడియాలజీలో అందరూ ఒప్పుకునే పద్ధతే.

అన్నిటికన్నా చిన్నది నోటి లోపల సెన్సర్ పెట్టి రెండు మూడు పళ్ళకి తీసే ఎక్స్‌రే, చాలా క్లినిక్కుల్లో ఆర్‌వీజీ అంటారు. చాలామంది దీన్ని తక్కువ అంచనా వేస్తారు గానీ, సన్నని వివరాలు చూపించడంలో ఇది త్రీడీ స్కాన్ కంటే ముందుంటుంది. రెండు పళ్ళ మధ్య మొదలైన పుచ్చు, పాత ఫిల్లింగ్ కింద పుచ్చు, రూట్ కెనాల్ మందు వేరు చివరిదాకా వెళ్ళిందా లేదా, ఇలాంటివాటికి ఇదే సరైనది. దీని లోపం ఒకటే, ముందూ వెనకా ఉన్నవన్నీ ఒకే బొమ్మలో ఒకదానిమీద ఒకటి పడిపోతాయి.

తర్వాతది ఓపీజీ. యంత్రం ముఖం చుట్టూ తిరిగి, వంపుగా ఉండే దవడ మొత్తాన్ని చాప విప్పి పరిచినట్టు ఒకే ఫోటోలో చూపిస్తుంది. మొత్తం మీద పరిస్థితి ఏమిటో తెలుసుకోడానికి, జ్ఞానదంతాలు ఎక్కడ ఇరుక్కున్నాయో చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇందులో కొలతలు నమ్మడానికి లేదు, అసలు సైజు కంటే సుమారు 20 నుంచి 30 శాతం పెద్దగా కనిపించడం మామూలే, అదీ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పైగా ఎముక ఎత్తు కనిపిస్తుంది గానీ మందం ఎంతో కనిపించదు.

మూడోది సీబీసీటీ. ఎక్స్‌రే శంకువు ఆకారంలో విచ్చుకుని వస్తుంది, యంత్రం మీ తల చుట్టూ ఒక్కసారి తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టులో వందల కొద్దీ చిత్రాలు తీసి కంప్యూటర్ వాటిని ఒక ఘనంగా కూరుస్తుంది. ఆ ఘనాన్ని డాక్టరు ఎటునుంచి కావాలంటే అటునుంచి పొరలుగా కోసి చూడొచ్చు, మిల్లీమీటర్లలో కొలవచ్చు. 1990ల చివర్లో ఇటలీలో తయారైన న్యూటామ్ యంత్రంతో ఇది పళ్ళ వైద్యంలోకి వచ్చింది, 2001లో అమెరికాలో అనుమతి దొరికింది.

నాలుగోది ఆసుపత్రుల్లో పడుకోబెట్టి తీసే మామూలు సీటీ. దవడ ఎముకకి దెబ్బ తగిలి పెద్ద ప్రమాదం జరిగినప్పుడు, చీము మెడలోకి దిగుతున్నప్పుడు, గడ్డ ఏదైనా కండలోకి పాకిందేమో చూడాల్సినప్పుడు ఇది కావాలి, ఎందుకంటే సీబీసీటీకి కండ, కొవ్వు, చీము, గ్రంథి తేడాలు సరిగా తెలియవు. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగడానికీ ఊపిరికీ ఇబ్బందిగా ఉంటే ఏ స్కాన్ మంచిదని పోల్చుకుంటూ కూర్చోకండి, తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి.

రేడియేషన్ ఎంత

ఇక్కడ భయపెట్టేవాళ్ళూ ఉన్నారు, "అబ్బే ఏం లేదండీ" అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. అంకెలు చూస్తే ఇద్దరూ సగం సగమే చెప్తున్నారని అర్థమవుతుంది. మైక్రోసీవర్ట్ అన్న కొలతలో, నోట్లో తీసే చిన్న ఎక్స్‌రే ఒకటి సాధారణంగా 10 లోపే ఉంటుంది, ఓపీజీ సుమారు 3 నుంచి 24. సీబీసీటీ దగ్గరికొచ్చేసరికి తేడా విపరీతం. యూరోపియన్ కమిషన్ 2012లో వెలువరించిన మార్గదర్శకాల్లో, పళ్ళ భాగం వరకు తీసే స్కాన్‌కి 11 నుంచి 674 దాకా, ముఖం పుర్రె కలిపి తీసేదానికి 30 నుంచి 1073 దాకా ఇచ్చారు. మనందరికీ ప్రకృతి నుంచే, అంటే నేలలోంచీ ఆకాశంలోంచీ గాల్లోంచీ, ప్రపంచ సగటున ఏడాదికి 2400 మైక్రోసీవర్ట్‌లు, రోజుకి ఆరేడు, ఎలాగూ అందుతూనే ఉంటాయి. కాబట్టి 100 ఉన్న స్కాన్ అంటే ఒక పదిహేను రోజుల సహజ రేడియేషన్ అన్నమాట. అవసరమున్నవాళ్ళు వణికిపోవాల్సినంత లేదు, అలాగని అవసరం లేకుండా ఊరికే తీయించుకునేంత తక్కువా కాదు.

అయితే ఆ 11కీ 674కీ మధ్య అంత దూరం ఎందుకుంది? యంత్రం ఏది, సెట్టింగ్ ఏది, ఎంత మేర తీశారు అన్నదాన్ని బట్టి. మొదటి రెండూ చాలావరకు మన చేతిలో ఉండవు. మూడోది మాత్రం మనం అడగొచ్చు, అడగాలి కూడా.

ఎంత మేర తీయాలి: అసలు బేరం ఇక్కడే

స్కాన్ పట్టే మేరని ఫీల్డ్ ఆఫ్ వ్యూ అంటారు. 5 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న స్కాన్‌లో కొన్ని పళ్ళు పడతాయి. 8 నుంచి 10 సెంటీమీటర్లయితే ఒక దవడో రెండు దవడలో. 15 సెంటీమీటర్లు, ఆపైన అయితే ముఖం మొత్తం. రోగులుగా మనకి అనిపించేది ఏంటంటే, ఎలాగూ తీస్తున్నారు కదా, మొత్తం తీసేస్తే పోలా, రేపెప్పుడైనా పనికొస్తుంది అని. ఇది పప్పులో కాలేయడమే. మేర పెరిగితే సాధారణంగా రేడియేషన్ పెరుగుతుంది, ఆపైన స్పష్టత కూడా తగ్గుతుంది, ఎందుకంటే స్కాన్‌ని కట్టే చిన్న చిన్న గడులు పెద్దవవుతాయి. చిన్న స్కాన్‌లో ఒక్కో గడి 0.1 మిల్లీమీటరు, కొన్ని యంత్రాల్లో ఇంకా తక్కువ ఉండొచ్చు, ముఖం మొత్తం తీసినప్పుడు 0.3, 0.4 దాకా పోతుంది. రూట్ కెనాల్ కోసం వెళ్ళినవాళ్ళకి ముఖం మొత్తం తీసి పంపిస్తే రేడియేషన్ ఎక్కువ అందుతుంది, చూడాల్సిన, వేరు లోపలి సన్నని కాలువ మాత్రం మసగ్గా ఉంటుంది. రెండు రకాలా నష్టం.

అందుకే డాక్టరు రాసిన చీటీని ఒకసారి చదవండి. "సీబీసీటీ" అని ఒక్క ముక్క రాసి ఉంటే అది చాలదు. ఏ పన్ను (పళ్ళకి నంబర్లుంటాయి, ఉదాహరణకి కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్ను 36), పై దవడా కింది దవడా, ఎందుకోసం అన్నవి రాసి ఉండాలి. ఇవి లేకపోతే స్కానింగ్ సెంటర్‌లో వాళ్ళకి తోచిన మేరకి తీసేస్తారు, వాళ్ళని అనీ లాభం లేదు.

మీ సమస్యని బట్టి

ఇంప్లాంట్ వేయించుకునేవాళ్ళకి సీబీసీటీ వైపే నేను నిస్సంకోచంగా మొగ్గుతాను. ఓపీజీలో ఎముక ఎత్తు బాగానే ఉన్నట్టుంటుంది, అడ్డంగా కోసి చూస్తే కత్తి అంచులా సన్నగా ఉండొచ్చు, లేదా కింది దవడ లోపలివైపు గుంట పడి ఉండొచ్చు. స్క్రీన్ మీద డాక్టరు చూపించినప్పుడు మీరూ గమనించండి: కింది దవడని అడ్డంగా కోసిన చిత్రంలో, అడుగుభాగాన సన్నని తెల్ల అంచుతో ఒక చిన్న నల్లటి వృత్తం ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం వెళ్ళే దారి అదే. ఇంప్లాంట్ చివరికీ ఆ వృత్తానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలన్నది మామూలు లెక్క. 20, 30 శాతం పెంచి చూపే చిత్రంలో 2 మిల్లీమీటర్లు కొలవడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. పై దవడ వెనకభాగంలోనైతే నరం బదులు సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) అడుగు ఎక్కడుందో చూసుకోవాలి. ఇంకో మాట, పన్ను తీయకముందు ఎప్పుడో తీసిన పాత స్కాన్ ఉంది కదా అని దానితో సరిపెట్టేయకండి. పన్ను తీసేశాక ఎముక కరుగుతుంది, మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువగా.

జ్ఞానదంతం తీయించుకోవాలంటే ముందు ఓపీజీ. అందులో వేర్లు నరానికి దూరంగా కనిపిస్తే త్రీడీ జోలికి పోనక్కర్లేదు. వేరు మీద నల్లటి చార పడినట్టున్నా, నరం దారికుండే తెల్లని గీత వేరు దగ్గర తెగిపోయినట్టున్నా, ఆ దారి అక్కడ వంకర తిరిగినా, అప్పుడు చిన్న మేర సీబీసీటీ తీస్తే నరం వేర్లకి ఏ వైపున ఉంది, వేర్ల మధ్యలోంచి పోతోందా అన్నది తెలుస్తుంది. దాన్నిబట్టి పన్ను మొత్తం తీయాలా, పైభాగం తీసి వేర్లు వదిలేయాలా అని డాక్టరు నిర్ణయించుకుంటారు. స్కాన్ తీసినంత మాత్రాన నరానికి దెబ్బ తగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ మాట ఎవరైనా అంటే నమ్మకండి.

రూట్ కెనాల్ విషయంలో, మొదటిసారి మామూలుగా చేయించుకునే పంటికి ఆర్‌వీజీ చాలు. అమెరికాలో ఎండోడాంటిస్టుల (రూట్ కెనాల్ నిపుణుల) సంఘమూ నోటి రేడియాలజిస్టుల సంఘమూ కలిసి 2015లో సవరించి ఇచ్చిన ప్రకటన కూడా ముందు నోటి లోపలి ఎక్స్‌రేనే అంటుంది, త్రీడీ కావాలంటే చిన్న మేరదే అంటుంది. చేయించుకున్న పన్ను మళ్ళీ మళ్ళీ సలుపుతుంటేనే త్రీడీకి విలువ. పై దవడలో మొదటి పెద్ద దవడపంటికి బుగ్గ వైపు ముందు వేరులో చాలామందికి రెండో కాలువ దాక్కుని ఉంటుంది, దాన్ని వదిలేస్తే ఇన్‌ఫెక్షన్ మిగిలిపోతుంది. అది మామూలు ఎక్స్‌రేలో తేలిగ్గా దొరకదు. వేరు కొసన ఎముక లోపలే ఉండిపోయిన చీము మచ్చ కూడా అంతే, బయటి గట్టి పొర దాకా రానంతవరకు మామూలు ఎక్స్‌రేకి కనిపించకపోవచ్చు. మరి పన్ను నిలువునా చీలిందేమో అన్న అనుమానానికి? ఇక్కడ త్రీడీ మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. వెంట్రుకవాసి చీలిక గడి సైజు కంటే సన్నగా ఉంటే కనిపించదు, పక్కనున్న ఎముక ఎలా తరిగిందో చూసి ఊహించాల్సిందే. పంటిలో లోహపు పోస్టు (క్యాపు నిలబడ్డానికి వేరులోకి దించే కడ్డీ) ఉంటే దాని చుట్టూ పడే చారలు లేని చీలికని ఉన్నట్టు చూపిస్తాయి కూడా.

క్లిప్పులు వేయించుకునే పిల్లలందరికీ వరసబెట్టి త్రీడీ స్కాన్ తీయడం మాత్రం నాకు నచ్చని పద్ధతి. కోరపన్ను ఎముకలోనే ఇరుక్కుపోయి అంగిలి వైపుందో పెదవి వైపుందో తెలియనప్పుడు, అది పక్క పంటి వేరుని తినేస్తోందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు, గ్రహణమొర్రి ఉన్నప్పుడు, దవడ ఆపరేషన్ అనుకుంటున్నప్పుడు తీయాలి, ఆ కారణాలు న్యాయమైనవి. మామూలు వంకర పళ్ళకి అక్కర్లేదు. పిల్లల శరీరం రేడియేషన్‌కి పెద్దలకంటే ఎక్కువ స్పందిస్తుంది, వాళ్ళ ముందు బోలెడు జీవితం ఉంది, అందుకే "పిల్లల సెట్టింగ్ పెట్టారా, ఎంత మేర తీస్తున్నారు" అని అమ్మానాన్నలు అడిగి తీరాలి.

పుచ్చుపళ్ళకి, మామూలు చిగుళ్ళ జబ్బుకి త్రీడీ వద్దు. దవడ కీలు టకటకమంటుంటే, ఎముక అరిగిందేమో సీబీసీటీ చెప్తుంది గానీ లోపలున్న మెత్తటి డిస్క్ జారిందో లేదో చెప్పలేదు, దానికి ఎంఆర్‌ఐ కావాలి.

క్యాపులు, ఇంప్లాంట్లు ఇప్పటికే ఉన్నవాళ్ళకి

లోహం పక్కన సీబీసీటీ తడబడుతుంది. క్యాపు, పోస్టు, ఇంప్లాంట్, ఆఖరికి రూట్ కెనాల్‌లో నింపిన పదార్థం కూడా చుట్టూ తెల్లటి చారలూ నల్లటి నీడలూ పడేస్తాయి. ఆ నల్లటి నీడని చూసి పుచ్చు అనో, ఇంప్లాంట్ చుట్టూ ఎముక పోయిందనో తేల్చేయడం ప్రమాదం. మీకు నోటినిండా లోహపు క్యాపులుంటే "నా కేసులో ఈ స్కాన్ ఎంతవరకు చదవడానికి వీలవుతుంది" అని ముందే అడగండి, కొన్నిసార్లు జవాబు "అంతగా వీలవదు" అనే వస్తుంది.

తీసే రోజు

పరగడుపున వెళ్ళక్కర్లేదు, ఇంజెక్షన్ ఉండదు, సొరంగంలోకి తోయడం ఉండదు. చెవిపోగులు, ముక్కుపుడక, మెడలో గొలుసు, కళ్ళజోడు, హెయిర్‌పిన్నులు, తీసిపెట్టే పళ్ళసెట్టు, వినికిడి యంత్రం, ఇవన్నీ తీసేయమంటారు. నిలబెట్టో కూర్చోబెట్టో గడ్డం ఒక ఆనుడు మీద పెట్టించి, పళ్ళ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క కరిపించి, తల కదలకుండా రెండు వైపులా పట్టీ బిగిస్తారు. యంత్రం తిరిగేది 10 నుంచి 40 సెకన్లు. ఆ కాసేపూ కదలకూడదు, వీలైతే గుటక కూడా వేయకూడదు. కదిలితే అంచులు రెండేసి పడతాయి, మళ్ళీ తీయాలంటారు, అంటే రేడియేషన్ రెండింతలు. చేతులు వణికే పెద్దవాళ్ళనీ కుదురుగా నిలబడలేని పిల్లలనీ తీసుకెళ్తే కూర్చోబెట్టి తీసే యంత్రం ఉందా అని ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళడం నయం.

రేడియేషన్ తగలకుండా ఒంటిమీద కప్పే సీసం ఆప్రాన్ వేయలేదని కొందరు సెంటర్లో గొడవపడుతుంటారు. 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పళ్ళ ఎక్స్‌రేలకీ సీబీసీటీకీ ఆప్రాన్, మెడ పట్టీ ఇక మామూలుగా వాడక్కర్లేదని చెప్పింది. కిరణాన్ని కావాల్సిన చోటికే కుదించడం వల్ల వచ్చే రక్షణ వాటికంటే ఎక్కువ, పైగా మెడ పట్టీ చిత్రానికి అడ్డం వచ్చి మళ్ళీ తీయాల్సి రావచ్చు. కొన్ని చోట్ల నియమాల ప్రకారం ఇంకా వేస్తారు, వేసినా తప్పులేదు. గర్భంతో ఉన్నా, ఉండొచ్చన్న అనుమానమున్నా ముందే చెప్పండి. కిరణం పొట్ట వైపు పోదు గానీ, ఆగగలిగే పనైతే ఎలాగూ వాయిదా వేస్తారు.

రిపోర్టు, ఫైలు

చాలామంది రంగురంగుల పుర్రె బొమ్మ ప్రింటు ఒకటి పట్టుకుని ఇంటికొచ్చేస్తారు. చూడ్డానికి భలేగా ఉంటుంది, నిర్ణయాలు మాత్రం ఆ బొమ్మని చూసి తీసుకోరు, నలుపు తెలుపు పొరలని చూసి తీసుకుంటారు. మీరు అడిగి తెచ్చుకోవాల్సింది డైకామ్ ఫైలు, అంటే ఆ పొరలన్నీ ఉన్న అసలు స్కాన్ ఫైలు, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో లింకుగానో. అది ఉంటే ఏ డాక్టరైనా తన కంప్యూటర్‌లో తెరిచి తనకి కావాల్సిన కోణంలో చూసుకోగలరు, రెండో అభిప్రాయానికి వెళ్ళినప్పుడు మళ్ళీ తీయించుకునే బాధ తప్పుతుంది. ఇంప్లాంట్‌కి సర్జికల్ గైడ్ (ఎక్కడ, ఏ కోణంలో వేయాలో చూపే అచ్చు) చేయించాలన్నా ఇదే ఫైలుని నోటి కెమెరా స్కాన్‌తో కలుపుతారు.

ఫైలుతోపాటు రాతపూర్వక రిపోర్టు కూడా అడగండి. మీ పంటి కోసం తీసినా, స్కాన్‌లో సైనస్, ముక్కు లోపలి భాగం, దవడ కీలు, ఒక్కోసారి మెడ ఎముకలు కూడా పడతాయి. మీ డాక్టరు చూపు సహజంగా ఆ పంటి మీదే ఉంటుంది, కాబట్టి మిగతా మేర అంతా ఎవరో ఒకరు చదివి సంతకం పెట్టాలి. ముఖ్యంగా పెద్ద మేర స్కాన్‌ని నోటి రేడియాలజిస్టు చదివితేనే మంచిది. ఆ రిపోర్టులో "సైనస్ పొర కొద్దిగా మందంగా ఉంది" లాంటి వాక్యం చూసి రాత్రంతా నెట్‌లో వెతుక్కోకండి, అది చాలామందిలో కనిపించేదే. మీ డాక్టరుని అడిగి, దానికేమైనా చేయాలా అక్కర్లేదా అని తేల్చుకోండి.

స్కాన్ వద్దనిపిస్తే వద్దని చెప్పే హక్కు మీకుంది. కానీ వద్దనే ముందు "ఇది లేకుండా చేస్తే మీకు తెలియకుండా పోయేదేమిటి" అని అడిగి చూడండి. "ఏమీ లేదు, ఉంటే బాగుంటుంది" అంటే ఆగొచ్చు. "నరం ఎటు ఉందో తెలియకుండా నేను పన్ను తీయను" అంటే ఆ డాక్టరు మాట వినండి. ఈమధ్యే వేరేచోట తీయించుకున్న స్కాన్ ఉంటే మాత్రం మొదటి రోజే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి.